సాక్షి దిమ్మె

మట్టి తవ్వేటోళ్ళకు తెలుసు.
గుంత మొత్తం తోడినంక
నడుమ ఒక దిమ్మెను ముట్టకుండ ఇడిచిపెడ్తరు.
నెత్తి మీద పాత గడ్డి అట్లనే ఉంటది.
నేల ఒకప్పుడు ఎంత ఎత్తున్నదో
దాన్ని చూసే కొలుస్తరు.
దాని పేరు సాక్షి.

ఉశేనమ్మ గురించి అడిగిన్రు గదా,
నేను ఆ దిమ్మె కాడి నుంచే మొదలువెడ్త.

పీరీల పండుగ నాడు పుట్టింది, గందుకే ఆ పేరు.
కోయిలకొండ అవతల
వానకంటె ముందు రాళ్ళు మొలిచే చెలకల ఊరు.
మగడు దూరదేశం కాలువ పనిల
కట్ట కూలి మీద పడి పోయిండు.
మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు మాత్రం పోలే.
బాకీ పుస్తకంల ఆయన పేరు కొట్టేసి
కింద ఆమె పేరు రాసిన్రు.
ఆమెకు దక్కిన ఆస్తి గదే.

అప్పుడు నాకు ఎనిమిదేండ్లు.
మా అమ్మ తట్ట మోస్తుంటె
మేస్త్రి అంజిలయ్య టేపు ఒక కొస నాకిచ్చి నిలవెట్టేటోడు.
గుడ్డ టేపు, నూనె మరకలు,
నాలుగుకు అయిదుకు నడుమ ఒక అతుకు.
రోజూ పట్టుకున్న నాకు కానరాలే.
ఉశేనమ్మకు కానొచ్చింది.

అంకెలు రావు ఆమెకు.
కని అది బొంతలు కుట్టిన చెయ్యి.
"ఇది చినిగితె ఏసిన కుట్టు గాదు బిడ్డా,
ఇరికిచ్చి కుట్టిన కుట్టు" అన్నది.
జానెడు గుడ్డ.
ఇరవై మంది పొద్దంత తవ్విన మట్టి
ఆ జానెడు గుడ్డల పడి మాయమైతున్నది.

ఆ రాత్రి చాంతాడు తీసి
మూర మూరకు ముడి ఏసుకుంట కూసున్నది.
తెల్లారి దిమ్మె కాడ
తాడు ఒక దిక్కు, టేపు ఒక దిక్కు.
అంజిలయ్య నవ్విండు.
"ఆడిదాని మూరకు లెక్కేంది?"
"నా చెయ్యికి అతుకు లేదు" అన్నది.

గెలిచిందనుకుంటున్నరా?
ఆ యేడు ఎవ్వరికీ పైస పెరగలే.
ఆమెను పనిల నుంచి తీసేసిన్రు.
మనోళ్ళే తలకాయలు దించుకొని తట్టలెత్తుకున్నరు,
అండ్ల మా అమ్మ ఒకతె.
సచ్చేదాక ఆ సంగతి నాతోని మాట్లాడలే.

కాళ్ళ కడియాలు అమ్మి
కురుమూర్తి జాతరల టేపు కొన్నది, ఇనుపది,
చెయ్యి కోసేటంత కొత్తది.
నా పలక గుంజుకొని అంకెలు నేర్సింది.
ఏడు ఎప్పుడూ తిరగేసే రాసేది.
లారీల పోతుంటె మైలురాళ్ళు సదివేది.
"ఇంకెంత దూరం?" అని ఎవరన్న అడిగితె
మా బండిల మొదటిసారి
ఒక ఆడిమనిషి జవాబు చెప్పింది.

మల్ల యేడు సొంతంగ గుంపు కట్టింది.
ఏడుగురే వచ్చిన్రు.
మగడు లేనోళ్ళు నలుగురు, ఒక కుంటాయన, ఆయన పెండ్లాము,
ఇంకెవ్వరూ పనియ్యని తాగుబోతు బుగ్గన్న.
గుత్తేదారు కూసోమని అనలే.
ఆమె గూడ కూసోలే,
ఆయన కాళ్ళ ముంగట టేపు పరిచింది.

ఒక యేడు లాభం, రెండేండ్లు నష్టం.
రాయిచూరు కాడ పైసలియ్యక తరిమితె
రాత్రంత కాలువ గట్టు పట్టి నడిచిన్రు.
అయినా ఆమె పుస్తకంల
సచ్చినోళ్ళ బాకీ కింద
బతికినోళ్ళ పేరు ఎన్నడూ ఎక్కలే.
రాను రాను వేరే గుంపులోళ్ళు గూడ
పని మొదలుకాకముందె టేపు చేతికి తీసుకొని
ఏలుతోని తడిమేటోళ్ళు, అతుకు తగుల్తదా అని.
ఎవరు నేర్పిన్రో వాళ్ళకు ఎరుకలేదు.

ఇయ్యాల నేను కాలువ పనుల మీద కొలతలు రాస్త.
ఎర్ర చుక్క ఏసి కొలిచే మిషిను నా చేతుల ఉన్నది.
పొక్లెయిన్ నడిపే పోరగాండ్లు నవ్వుతరు.
"ఇంక దిమ్మెలెందుకు మేడం?"
ఒకటి ఇడువుండ్రి అంట. ఎందుకో చెప్ప.

పోయిన చలికాలం ఆమె పోయింది.
సర్కారు తుమ్మల నడుమ గట్టి మొరం,
గుంత తీసేటోళ్ళకు తొందర.
నేను ఆమె ముడుల తాడు దించి చూసిన.
ఒక మూర తక్కువున్నది.

"తవ్వుండ్రి" అన్న.
ఎవ్వరూ మాట్లాడలే.
గడ్డపార మల్ల లేసింది.