దాని పేరు

ఎనిమిది నెలల తర్వాత
చీమకుర్తిలో, మా పలకల యార్డు గేటు దగ్గర నిలబడ్డాను.
దుమ్ము అదే. రంపాల కింద నీళ్ళ రొద అదే.
నేనే,
సంతనూతలపాడు మలుపులో బండి మీంచి ఎగిరిపడ్డ చోట
కొంచెం మిగిలిపోయాను.

జేబులోంచి హిమజ గొంతు:
"నాన్నా, మాత్ర. పసుపుది. తెల్లది రాత్రికి."
అలారాలన్నీ నా కూతురే పెట్టింది.
మాత్రకొకటి, అన్నానికొకటి,
ఊరికే కూచోమని ఒకటి.
దానికి మాత్రం మేకపిల్ల అరుపు పెట్టింది,
నవ్వుతానని.

ఫోటోల కింద పేర్లు రాసుకున్నాను.
కళ్ళజోడాయన: శేషగిరి, కొత్త మేనేజరు.
మస్తానయ్య ఫోటో కింద ఏమీ రాయలేదు.
వాడు ఆసుపత్రిలో నా తల ఫిల్మును కిటికీకి ఆనించి
"నల్లటి దాంట్లో మెరుపులు. మన గెలాక్సీ రాయేరా ఇది" అన్నవాడు.

ఒకప్పుడు
పొడవూ వెడల్పూ చూస్తే చాలు,
పెదవి కదలకుండా గుణించి
అడుగులు చెప్పేసేవాణ్ణి.
కాలిక్యులేటరు తీసే కుర్రాళ్ళని చూసి నవ్వేవాణ్ణి.
ఆ నవ్వు ఇప్పుడు
పగిలిన గాజు కింద పది అంకెలై కూచుంది.

నూట పద్దెనిమిది, డెబ్భై రెండు, అని ఫోనుకి చెప్తాను.
అది డెబ్భై బదులు డబ్బా అని రాస్తుంది.
రంపం ఆగినప్పుడే దానికి సరిగ్గా వినపడేది.
రంపం ఆగినప్పుడే నాకూ.

మొదటి రోజు, మొదటి పలక దగ్గర
"మస్తానూ, అది ఇవ్వు" అన్నాను.
ఏది?
"అదేరా. పసుపుది. లాగితే వచ్చేది, వదిలితే పోయేది."
నాలిక చివరిదాకా వచ్చిన మాట
సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.
"పాము!" అన్నాను.
ఒరిస్సా నుంచొచ్చిన బికాశ్ పలకల మీదికి ఎగిరాడు.
మస్తానయ్య నవ్వలేదు.
నా నడుముకి తగిలించి ఉన్నదాన్నే తీసి
నా చేతిలో పెట్టాడు.

ఖాజాబీ అంగట్లో టీ.
రహస్య అంకె నాకు గుర్తు లేదు, వేలికి గుర్తుంది.
చూడకుండా నొక్కితే నొక్కుతుంది,
చూస్తే అదీ మర్చిపోతుంది.
"పది రూపాయలు అందాయి" అని పెట్టె అరిచింది.
తాగి గ్లాసు పెట్టాక అనుమానమొచ్చింది.
మళ్ళీ నొక్కాను. పెట్టె మళ్ళీ అరిచింది.
ఇచ్చేశావు గదయ్యా అని ఆమె అనలేదు,
గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది.
ఇప్పుడక్కడ ఏడు గీతలు.
లోకం నాకు ఏడు టీలు బాకీ.

మూడింటికి తలలో కరెంటు పోతుంది.
మాటలు వినపడతాయి, అర్థం రావు.
మేకపిల్ల అరుస్తుంది.
షెడ్డు నీడన తువ్వాలు పరుచుకుంటాను.
"సగం రోజు చేస్తే సగమే గదా" అన్నారు శేషగిరి గారు.
మూడుసార్లు నొక్కి చూశాను.
లెక్క తప్పు లేదు.

పన్నెండో రోజు అనుకుంటా, రాత్రి రెండింటప్పుడు,
ఎవరూ పిలవకుండా వచ్చింది,
తప్పిపోయిన గొర్రె తనంతట తనే దొడ్లోకొచ్చినట్టు.
సుభాషిణి లేవకుండా దుప్పటి కప్పుకుని
ఫోనులో గుసగుసగా చెప్పాను:
"టేపు. మాలకొండయ్యా, దాని పేరు టేపు."

పొద్దున బస్సులో నాలుగుసార్లు విన్నాను.
గేటు దగ్గర ఇంకోసారి.
రంపాలింకా మొదలు కాలేదు.
పలకల మధ్య నుంచి బికాశ్ వచ్చీరాని తెలుగులో
అరుస్తున్నాడు:
"మస్తాన్ భాయ్, పాము ఏది?"
"నాదిక్కడుంది. ఇంకో పాము మాలకొండయ్య దగ్గరుంటది, అడుగు."
మూలనుంచి ఇంకెవరో:
"పెద్ద పామా, చిన్న పామా?"

నడుము తడుముకున్నాను.
ఉంది.
ఫోను జేబులో వేసుకుని
పామే ఇచ్చాను.