నొప్పులు మొదలైన వేళ

కాయితంలో ఆ గడి చిన్నది,
బొటనేలి గోరంత.
"నొప్పులు మొదలైన వేళ" అని అరవంలో అచ్చేసుండాది.
గంటలకు రెండు గళ్లు, నిమిషాలకు రెండు.

డాక్టరమ్మ ఇళవరసి ఏందో పరిశోధన చేస్తా ఉండాది,
ఆరు నెలల కాన్పుల లెక్క.
రాయపురం ఆసుపత్రికి తెలుగు ఆడోళ్లొస్తే
అడిగి చెప్పే పని నాది.
పెంచలమ్మ, ఆయా, నైట్ డ్యూటీ.
ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఇంకా టెంపరరీ.

ఎవురూ గంట చెప్పరు.

"కాసిమేడుకి ఐసు లారీలు పొయ్యే వేళక్కా"
అంటాది మస్తానమ్మ.
రెండు, అంటా నేను.
"కొళాయి గురగురమన్నాక, నీళ్లు రాకముందు"
చాకలిపేట పిల్ల.
మూడుంబావు.
"మా ఆయన తాగొచ్చి, అరిచి, అరిచి, పడుకున్నాక."
దీనికి మాత్రం తిరిగి అడగాల:
జీతం రోజా, ఉత్త రోజా?
జీతం రోజైతే ఒకటిన్నర.

తొలిచూలు పిల్లొకతి, కొరుక్కుపేట గేటు పక్కన ఇల్లు.
"గూడ్సు పోతావుంటే మంచం అదిరిందనుకున్నా.
బండి పొయ్యింది, అదురు పోలా" అనింది.
ఆ రాత్రి గూడ్సు ఎన్నింటికి దాటిందో
గేటు కాసే ఆయనకి ఫోన్ చేసి కనుక్కున్నా.

నాలుగొందల కాయితాలయ్యాక
డాక్టరమ్మ కంప్యూటర్లో గీత చూపించింది.
నడిరేయి దాటాక గుట్ట మాదిరి లేచి
తెల్లారేసరికి జారిపొయ్యే గీత.
చీకట్లో ఒంట్లో ఏందో ఊరతాదంట,
దానికి వెలుతురు పడదంట.
ఎలక్కి పగలంట, మనిషికి రేయంట.
పెద్ద చదువు. కాదనను.

కానీ పగలు నడుం లాగితే
అది బిందెలు మోసిన లాగుడు.
పొత్తికడుపు బిగిస్తే రాత్రి తిన్న చద్దికూడు.
అంట్లు బోర్లించి,
పెద్దోడి మీద దుప్పటి లాగి,
రేపటి పిండికి మూతేసి,
గోడకి ఆనుకున్నాక గదా
ఒళ్లు మెల్లిగా అడిగేది,
ఇప్పుడు చెప్పొచ్చునా అని.

నాకైతే ఎండాకాలం, మింట్ రోడ్డులో,
చీపురు చేతిలో ఉండంగా.
"మిట్టమధ్యాన్నం ఎవురికొస్తాయి మే నొప్పులు?
ఆ సందు ముగించి పో" అన్నాడు మేస్త్రీ.
ముగించినా.
ఆ సందు నూట డెబ్బై రెండు అడుగులు.
నా కాయితం ఎవురూ నింపలా.
నింపేదానికి మిగిలిందీ లేదు.

పోయిన మంగళవారం నాకు పగటి డ్యూటీ వేశారు.
డాక్టరమ్మకి తొమ్మిది నిండినాయి,
అయినా ఓపీలో కూచునుండాది.
అరవై మూడో టోకెన్.
పదకొండూ పదికి బల్ల అంచు పట్టుకునింది.
వేళ్లు తెల్లబడినాయి.
ఊపిరి వదిలి, "నెక్స్ట్" అనింది.
పదకొండూ నలభైకి మళ్లీ.
పన్నెండు దాటినాక రెండు తూర్లు.
బయట బెంచీల మీద ఇంకా ముప్పై మంది,
ఒకామె కమలాపండు ఒలుచుకుంటా ఉండాది.
నేను గడియారం చూశా.
ఆమె నన్ను చూసి
ఊరుకో అన్నట్టు తలాడించింది.

రాత్రి మా వార్డులోనే చేరింది.
నేనింకా ఇంటికి పోలా.
కొత్త నర్సు కాయితం పట్టుకొని అడిగింది,
మేడమ్, ఎన్నింటికి మొదలైనాయి?

డాక్టరమ్మ కళ్లు మూసుకొని ఆలోచించింది.
నిజంగానే ఆలోచించింది.
"ఇంటికి పోయి కాళ్లు చాపినాక...
ఎనిమిదిన్నర అనుకుంటా."

నర్సు నాలుగు గళ్లూ నింపి
ఫైల్లో పెట్టమని నా చేతికిచ్చింది.
సిరా ఇంకా ఆరలా.
పెన్ను బల్ల మీదే మర్చిపొయ్యింది.