తల్జీ

పక్కింటోల్లు తాళమేసి టర్కీ పోయినారు, పదిరోజులు.
కుక్కను బయటనే ఇడ్సినారు,
కారు షెడ్డుకీ మా గోడకీ నడుమ, గొలుసుతో.
దాని పేరు థల్జ్. మంచు అని అర్థమంట,
డ్రైవర్ మస్తాన్ చెప్పినాడు.
నాకు నోరు తిరగక తల్జీ అంటా.
మిష్రెఫ్‌లో జూలై నెల.
ఆ పేరు పెట్టినోల్లు ఏసీ గదిలో కూర్చోని పెట్టుంటారు.

తిండికి తక్కువ చెయ్యలేదు, నిజం చెప్పాల.
ఒక మిషను పెట్టినారు.
పొద్దున ఆరింటికి, సందకాడ ఆరింటికి
దానంతటదే గలగలమని గింజలు రాలుస్తాది.
ఆ చప్పుడుకు మొదటి రెండురోజులు
తోకాడిస్తా ఉరికింది, ఎవరో వచ్చినారనుకోని.
మూడోనాడు తల కూడా ఎత్తల్యా.

నీల్లూ ఉండాయి బకెట్టు నిండా.
పదకొండు గంటలకు వాటిల్లో చాయ్ పొడి ఏసుకోవచ్చు.

మిద్దెమీద గుడ్డలు ఆరేస్తా చూసినా.
మా ఏసీ నీల్లు గోడకవతల బొట్టుబొట్టుగా కారతాయి.
ఆ తడిలో మూతి పెట్టుకోని పండుకోనుండాది.
గొలుసు అంతవరకే.
ఇంకో జానెడుంటే వీపు కూడా తడిసేది.
ఆ జానెడును దినామూ కండ్లతో కొలస్తా ఉన్న్యా.

మేడంతో చెప్తే, నీకెందుకు, పని చూసుకో అనింది.
పెద్దామె, మేడం అత్త, కుక్క ఎంగిలి తగిల్తే
మల్లా వజూ చేసుకోవాలంటాది.
ఆమెకు తెలీకుండా ఐస్‌క్రీం డబ్బాలో నీల్లు పోసి
ఫ్రీజర్లో అడుక్కు దాపెట్టినా.
గుడ్డలతాడు విప్పి, సంచీకి కట్టి, మిట్టమధ్యాన్నం
గోడమీంచి దించినా.
తల్జీ మొదట మొరిగింది.
తర్వాత నాకింది. నాకి నాకి,
మిగిలిన గడ్డమీద గడ్డం ఆనించి నిద్రబోయింది.

మరుసటి దినం ఫ్రీజర్ తెరిస్తే
పెద్దామె నా వెనకే నిలబడుండాది.
గుండె జారిపాయ.
ఆమె కర్ర గోడకానించి
జుబైదీ చేపల పాకెట్టు పక్కకు నెట్టి
ఇంకో డబ్బాకు చోటు చేసింది.
ఏం మాట్లాడల్యా. తస్బీ తిప్పుకుంటా ఎల్లిపాయ.

రాత్రి నిద్ర పట్టదు.
కువైటుకు వచ్చేనాడు బొట్టోడు బస్సెనక పడతాడని
నేనే కట్టేసినా, బర్రెల కొట్టం గుంజకు.
నులకతాడు. రెండు ముడులు.
చిప్పలో సంగటిముద్ద ఏసి, తింటా ఉంటే
చెప్పులు చేతబట్టుకోని నడిచినా, సప్పుడు గాకుండా.
రాయచోటి దాటినాక కూడా చెవుల్లో మొరుగుతానే ఉన్న్యాడు.

నాలుగేండ్లాయ.
ఫోన్లో అన్నీ అడుగుతా. చీటీ ఎవురు పాడినారు,
బోరులో నీల్లు పడినాయా, వదిన మోకాలి నొప్పి.
ఆ తాడు ఎవురు విప్పినారని మాత్రం అడగల్యా.
ఎవురో విప్పుంటార్లే అనుకోని
నాలుగేండ్లూ అన్నం తిన్న్యా.

పదోనాడు కారొచ్చింది.
పిల్ల పరిగెత్తిపోయి తల్జీని వాటేసుకుంది, ఏడ్సింది,
ఫోటోలు తీసింది.
అది దాని మొగం నాకింది, తప్పేముండాది.
వాళ్ల నాయన మిషన్ని తట్టి మెచ్చుకున్న్యాడంట,
ఈసారి నెలరోజులైనా పోవచ్చు అన్న్యాడంట. మస్తాన్ చెప్పి నవ్వినాడు.
నాకు నవ్వు రాల్యా.

సందకాడ మిద్దెక్కి
గుడ్డలతాడు మల్లా కట్టినా. రెండు ముడులేసి,
ఒకటి విప్పేసినా ఎందుకో.
ఆడనే కూర్చోని ఫోను చేసినా.

"వదినా, బొట్టోన్ని ఎవురు విప్పినారు?"

"యా బొట్టోడు మ్మే?" అనింది నాగసుబ్బమ్మ.

నల్లకుక్క వదినా, నొసట తెల్లబొట్టుంటాది,
ఎడమచెవి తెగుంటాది, నేను బోకులు తోమతా ఉంటే
పక్కన్నే కూర్చోనుంటాడే,
అని చెప్తా ఉన్న్యా.
గోడకవతల మిషను గలగలమనింది.