ఏర్, ఏరు, బాయి

ఖిచిడీ తిన్నంక మొదటి గంట ఇంగ్లీషు.
నలభై ఏడు మంది, పన్నెండు బల్లలు.
ఒక బల్లకు కాలు లేదు, ఇటుకలున్నయి.
"శాంత్ బసా" అంటే మరాఠీ పిల్లలు కూసుంటరు.
"సప్పుడు చెయ్యకుండ్రి" అంటే తెలుగోళ్లు
ఎవరు చేసిండ్రని ఒకలనొకలు చూపిస్తరు.
"సైలెన్స్" అంటే మాత్రం
తరగతి మొత్తం ఒక్క గొంతుతో
"సైలెన్స్" అని అరుస్తది.
వాళ్ల తప్పేమున్నది,
నేనన్నది అనుడే గదా జూన్ నుంచి నేర్పింది.

గడ్చిరోలిల మూడు దినాలు ట్రైనింగిచ్చిండ్రు.
చప్పట్లు మూడు కొట్టాలె, వేలు పెదవి మీద పెట్టాలె,
ఇంగ్లీషు గంటల ఇంకో భాష ఇనపడొద్దు.
ఏరు దాటినంక తెప్ప తగలబెట్టినోళ్లను ఎరుగుదు గాని
దాటకముందే అగ్గిపెట్టె చేతికిచ్చుడు
గప్పుడే చూసిన.
గా మాట చెప్పిన సారు
చాయ్ తాగే కాడ ఇంటికి ఫోన్ చేసి
బిడ్డ జ్వరం సంగతి వర్హాడీల అడిగిండు.

మూడో బల్లల వంజో.
ఇంటిపేరు ఆత్రం, పిల్లకు మాత్రం ఏ ఆత్రమూ లేదు.
ఇంగ్లీషుల అడిగితే నీళ్లు నములుతది,
మరాఠీల అడిగితే నీళ్లు నములుతది,
నా తెలుగుకు కిటికీల నుంచి బయటికి చూస్తది.
హాజరు పిలిస్తే చెయ్యెత్తుతది,
గంతే.
సగం ఏడు ఆమె గొంతెట్లుంటదో నాకు తెల్వదు.

ఆ రోజు సిరొంచ మీద ఆకాశం తెగింది.
ప్రాణహిత పొంగుతున్నదని తొవ్వల ఎవరో అన్నరు.
రేకుల మీద వాన,
నా పాఠం నాకే ఇనపడలే.
కప్పు కారి వంజో పుస్తకం తడిసింది.
ఆమె లేచి, ఎవల్నీ అడగక,
ఖిచిడీ వడ్డించే బకెట్ తెచ్చి ధార కింద పెట్టింది.

నోరూరుకోక, వేలు చూపి అడిగిన:
"వాట్ ఈజ్ దిస్?"
"బకెట్!" నలభై ఆరు గొంతులు.
తప్పనడానికి లేదు.
"లోపల?"
మూడో బల్ల నుంచి, మెల్లగ:
"ఏర్."

ఓదెలు ఎగిరి దుంకిండు.
"ఏరు ఊరవతలున్నది మేడం! బకెట్ల నీళ్లు!"
తరగతి పగిలిపోయింది నవ్వుకు.
వంజో నవ్వలే, కూసోలే.
బకెట్ల చెయ్యి ముంచి
ఓదెలు మొఖాన కొట్టి
మళ్ల అన్నది: "ఏర్."
మాడియా ఇండ్లల్ల కుండలున్నది గదే, ఏర్.
మా ఇండ్లల్ల గదే దీర్ఘం తీసి పారుతది, ఏరై.
ప్రాజక్తా "పాణీ పాణీ" అని బల్లెక్కింది.
మూలకెల్లి ఎవరో "వాటర్" అన్నరు.
పాఠంల కావాల్సిన మాట గదొక్కటే.
గది ఎవరన్నరో
ఇప్పటికీ పట్టుకోలేకపోయిన.

తలుపు కాడ హెడ్మాస్టరు.
"బాయీ, హే కాయ్ చాల్లయ్?"
చేతుల తడిసిన సాక్‌పీసు, చీర కుచ్చిళ్లు తడి,
మూడు చప్పట్లు గుర్తుకే రాలేదు.
బాయి.
ఆయనకు బాయంటే పంతులమ్మ,
ఓదెలు ఇంట్ల బాయంటే మోట కొట్టే బాయి.
రెండూ నేనే అయి నిలబడ్డ.
ఎవరి బొక్కెన వాళ్లు నాల దించుతున్నరు.
ఏ మాట నిండి పైకొస్తదో
బాయికెట్ల తెలుస్తది?

"క్లాస్‌మధ్యే శిస్త్ నాహీ" అని రిజిస్టర్ల రాసిండు.
సంతకం పెట్టిన. అబద్ధమైతే గాదు.

తెల్లారి ఎండ కాసింది.
వంజో వచ్చి, బల్ల మీద సంచి పెట్టకముందే
బకెట్ తెచ్చి మళ్ల గక్కడనే పెట్టింది.
"వై?" అన్న.
కప్పు దిక్కు చూసింది.
కొద్దిసేపు నీళ్లు నమిలింది.
"వాటర్ కమ్."

దిద్దుదామని సాక్‌పీసు ఎత్తిన.
మాటల కాలం తప్పింది గాని
ప్రాణహిత మీది మబ్బుల కాలం తప్పలే.
ఎత్తిన చెయ్యి దించి
బకెట్ జెరంత ఎడమకు జరిపిన.