మండే రాయి

డిసెంబరులో ఇక్కడ మూడున్నరకే పొద్దు వాలిపోతుంది.
ఊరి మధ్య పారే నదికి తల్లినది అని పేరు.
ఇప్పుడు అంచుల వెంట గడ్డకట్టి
మధ్యలో మాత్రం ఏదో గొణుగుతోంది.
రసాయనశాల మూడో అంతస్తులో
నా నివేదిక ఇరవై రెండో పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఈ ఏడాది మా భవనం పద్దెనిమిది శాతం కరెంటు ఆదా చేసింది"
అని రాశాను.
ఎలాగ అన్నచోట ఖాళీ.

క్యాంటీన్లో పళ్ళేల్లో మిగిలిన బంగాళదుంపలు తూచి
బోర్డు మీద రాస్తున్నాం.
పాత సైకిళ్ళు బాగుచేసి కొత్త పిల్లలకి ఇస్తున్నాం.
చెప్పొద్దూ, వాటి గురించి రాయడం తేలిక.
ఈ పద్దెనిమిదే అంతుపట్టదు.

మా ల్యాబులో విషవాయువుల్ని పీల్చే గూళ్ళున్నాయి,
వాటికి పైకీ కిందికీ జరిగే గాజు తలుపులు.
ఒక్కటి తెరిచి వదిలేస్తే చాలు,
వెచ్చబెట్టిన గాలినంతా తెల్లారేదాకా
మంచులోకి తోడిపోస్తూనే ఉంటుంది.
అందుకే స్టిక్కర్లు వేయించాం.
ఆవులిస్తున్న ఆకుపచ్చ కప్ప,
"నన్ను దించి ఇంటికెళ్ళు" అంటుంది.
పోటీ పెట్టాం. గెలిచిన అంతస్తుకి కేకు.
గెలిచింది మేమే. తిన్నదీ మేమే.

మైమూని ఆ రాత్రే మొదట చూశానంటే అబద్ధం.
నాలుగేళ్ళుగా ఉంది,
తడిగుడ్డ వాసనై, చక్రాల బకెట్టు కిర్రుమనే చప్పుడై.
ఆ రాత్రి మాత్రం తలెత్తాను.

ఒక్కో గాజు తలుపు దగ్గరా ఆగి
రెండు చేతులా పట్టుకుని
నిద్రలో తన్నేసుకున్న దుప్పటిని
పిల్లాడి మీదికి మళ్ళీ లాగినంత మెల్లగా
కిందికి దించుతోంది.
పదకొండు తలుపులు.
నాదీ తెరిచే ఉంది.
కప్ప బొమ్మ గీసింది నేను.

"మీకెవరు చెప్పారు ఈ పని?"
"ఒకరు చెప్పాలా?"
బకెట్టు మీద చెయ్యి ఆన్చి నిలబడింది.
"మా నాన్న తూర్పున గనిలో చేసేవాడు.
మా భాషలో ఆ రాయి పేరే మండే రాయి, తెలుసుగా.
దాన్ని కాలిస్తేనే ఈ దేశానికి వెలుగు.
రొట్టె కోసేటప్పుడు కూడా ఆయన గోళ్ళల్లో అదే.
దీపం ఆర్పకుండా గదిలోంచి వస్తే
అమ్మ తిట్టేది కాదు.
నాన్న చేతులు చూసి రమ్మనేది."

ఆ మాట గాల్లో ఉండగానే దీపాలు పోయాయి.
మా కమిటీ తెచ్చిన కొత్త దీపాలు ఇవి,
కదలిక ఉంటేనే వెలుగుతాయి.
కదలిక అంటే ఏదో వాటికి ఎవరు నేర్పారో గాని
నిలబడి మాట్లాడేవాళ్ళూ
వంగి నేల తుడిచేవాళ్ళూ వాటి లెక్కలోకి రారు.
చీకట్లో మైమూ అలవాటుగా
కర్ర పైకెత్తి రెండుసార్లు ఊపింది,
రేవు దాటిపోతున్న పడవని కేకేసినట్టు.
వెలుగు తిరిగొచ్చింది.
"రాత్రికి ముప్పైసార్లు," అంది భుజం నిమురుకుంటూ.
ఫిర్యాదు కాదు.
బయట ఎంత చలో చెప్పినట్టు చెప్పి
బకెట్టు తోసుకుంటూ నాలుగో అంతస్తుకి వెళ్ళిపోయింది.

నేను పద్నాలుగో పేజీకి వెళ్ళాను.
"రాత్రి శుభ్రత రెండు గంటలు కుదిస్తే
దీపాల ఖర్చు, జీతాల ఖర్చు కలిసొస్తాయి.
జనవరి నుంచి అమలు."
కింద వరసగా సంతకాలు.
ప్రొఫెసర్ హెల్దుర్ ది మొదటిది.
నాలుగోది నాది,
వంపు తిరిగిన అందమైన సంతకం,
ఏ పేజీ చదవకుండా పెట్టానో గుర్తులేదు.

కొట్టేయాలంటే రేపు సమావేశంలో లేవాలి.
లేచి ఏమని చెప్పాలి?
మన పద్దెనిమిది శాతానికి ఒక పేరుందనా,
దాని కుడి భుజం నొప్పనా,
కేకులో ముక్క దానికి చేరలేదనా?
పట్టికలో ఆ గడి లేదు.

చాలాసేపు కదలకుండా కూర్చున్నట్టున్నాను.
దీపాలు ఆరిపోయాయి.
పైన ఎక్కడో ఒక గాజు తలుపు
మెల్లగా కిందికి జారిన చప్పుడు.

చెయ్యి ఎత్తాను.