వెనక సీటు

వారానికి ఒక్క ఆఫ్.
బట్టలు రాత్రే ఉతికేశా.
తొమ్మిదింటి మైపాడు బస్సులో
టికెట్ కొట్టేది ఇంకొకరు, కూర్చునేది నేను.
ఎట్టానో ఉంటది.
చేతులు ఊరికే సంచి కోసం తడుముకుంటాయి.

పార్కు గేటుకి రంగూడి ముప్పై ఏళ్లయింది.
రంగులరాట్నం గుర్రాలకి చెవుల్లేవు.
నేనొచ్చేది వాటికోసం కాదు.
ఉప్పుగాలికి తుప్పు పట్టి
ప్రతి వేసవికీ నీలం పూసుకోని
అట్టానే నిలబడుంది కొండరైలు:
ఏడు డబ్బాలు, మూడు ఎత్తులు, ఒక మెలిక.
"ఏంది రేవతమ్మా, పోయిన వారం రాలా?"
గొలుసుకి గ్రీజు పెడతా అడిగాడు మాలకొండయ్య.
డబల్ డ్యూటీ పడిందన్నా.

ముందు సీటుకి కొట్టుకుంటారు పిలకాయలు.
వాళ్లకి తెలీదు.
ముందు డబ్బా శిఖరం మీద కాసేపు వేలాడుద్ది, అంతే.
వెనక డబ్బానైతే
ఆరు డబ్బాలూ కలిసి లాగి అవతల పారేస్తాయి.
అప్పుడు సీటుకీ నాకూ మధ్య
జానెడు గాలి.
పంతొమ్మిదేళ్లు ఉదయగిరి రూట్లో నిలబడిన కాళ్లు
ఆ కాసేపు ఎవరివో.

నాలుగో రౌండుకి నా పక్కన ఒకాయన.
లుంగీలో ముందు గుర్తుపట్టలా.
చెకింగ్ ఇన్‌స్పెక్టర్ పట్టాభి సారు.
మనవరాలు ముందు డబ్బాలో ఉంది,
తాత వెనక కూర్చోవాల్సిందేనంట.
సంగం దాటగానే బస్సాపి
ఒక ముసలామె దగ్గర టికెట్ లేదని
నాకు మెమో రాసిన మనిషి.
టికెట్ ఆమె కొంగుముడిలోనే ఉంది, తర్వాత దొరికింది.
మెమో మాత్రం మెమోనే.

ఇద్దరం ఏమీ మాట్లాడుకోలా.
కడ్డీ ఒళ్లోకి దిగింది. గొలుసు టకటక టకటక.
కింద రొయ్యల గుంటల్లో ఫ్యాన్లు
నీళ్లని తెల్లగా చిలకతా ఉన్నాయి.
వాటెనక సముద్రం, గీత గీసినట్టు.
"ఇంకా ఎంత దూరం?"
వేబిల్ చూపించమన్న గొంతే,
అంచుల్లో వణుకుతా ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు.
ఉందామనే అనుకున్నా.
నోటికి పంతొమ్మిదేళ్ల అలవాటు, వదల్దు:
"గట్టిగా పట్టుకోండి సార్, మలుపుంది."

పట్టుకున్నాడు.
కడ్డీని కాదు, నా మణికట్టుని.

దిగాక ఒక చెప్పు కనపడలా.
మాలకొండయ్య పట్టాల కింద దూరి తెచ్చిచ్చాడు.
సారు కళ్లజోడు తడిమి చూసుకోని
నా వంక చూడకుండా అడిగాడు:
"మళ్లీ ఎక్కుతావా?"
మనవరాలు అప్పటికే లైన్లో ఉంది.
ఆయన పోయి ఆ పిల్ల వెనకాల నిలబడ్డాడు,
చెప్పు చేతిలోనే పట్టుకోని.

పాత వేబిల్ అట్ట వెనక గీతలు గీస్తా నేను,
నాలుక్కి ఒక అడ్డగీత.
డిపో ఎరగని లెక్క.
రెండొందల పదకొండు.
మణికట్టు మీద ఇంకా నాలుగు వేళ్ల ఎరుపు,
చీరకి గ్రీజు వాసన.

రేపు అయిదింటికి ఫస్ట్ సర్వీసు.
ఆత్మకూరు దాటాక ఒక స్పీడ్ బ్రేకరుంది,
డ్రైవరు ఎప్పుడూ చూసుకోడు.
నేను వెనక నిలబడతా.