లేని గాలి

పాతపట్నంలో రైలు గేటు దాటాక
ఎడంచేతి వైపు మూడో రేకుల షెడ్డు మాది.
ఇంకా పళ్లు తోముకోలేదు,
కూర్మారావు జీపు తెచ్చి నిలబెట్టాడు.
చక్రాల సందుల్లో కొండ ఎర్రమట్టి, తడిగానే.
వెనక బల్ల కింద నాలుగు జీడిపిక్కలు,
చితికిన పనసతొన,
ఎవరిదో ఒంటి చెప్పు.

"బ్రేకు రాయైపోనాది గుంటా.
రెండు కాళ్లూ ఎట్టి తొక్కితే గాని
బండి నా మాట ఇనడం నేదు."

మెత్తగా దిగిపోతోందా, బిగిసి నిలబడిపోతోందా?
అయ్య నేర్పిన మొదటి ప్రశ్న ఇది.
మెత్తబడితే నూనెలో గాలి చేరినట్టు.
బిగిస్తే, ఖాళీగా ఉండాల్సిన చోట గాలి మిగిలినట్టు.
ఏ జబ్బైనా గాలిదే,
చోటే వేరు.

టెక్కలిలో లైనింగులు మార్చారట,
మాస్టర్ సిలిండరూ మార్చారట.
బిల్లు జేబులోంచి తీశాడు.
దాని మడతలో ఆసుపత్రి చీటీ ఒకటి ఉంది.
మళ్లీ గబుక్కున లోపలికి తోసేశాడు.

ఇంజను ఆపించాను.
నాలుగుసార్లు తొక్కు.
ఐదోసారి తొక్కి అలాగే పట్టుకో.
ఇప్పుడు తాళం తిప్పు.
పెడలు కాలి కింద కొంచెం జారాలి,
పక్కలో పడుకున్న బిడ్డ
నిద్రలోనే కాస్త జరిగినట్టు.

జారింది.

"బాగానే ఉందే!" అన్నాను.
"ఇక్కడ బాగానే ఉంటాదమ్మా.
కొండ దిగినప్పుడే దాని బుద్ధి తెలుస్తాది" అన్నాడు,
తప్పు తనదే అయినట్టు.

అందుకే బండిని నడుస్తూనే వదిలేశాను.
టీ తాగాం. గుణుపురం బండి వెళ్లిపోయింది.
బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత కాగాక
మళ్లీ అదే పరీక్ష.
పెడలు కదల్లేదు. గోడ.

నల్లటి బూస్టర్ డబ్బా, అట్లపెనమంత.
కాలి బలాన్ని ఇన్నింతలు చేసేది ఇదే.
లోపల ఏమీ ఉండకూడదు,
ఆ ఏమీ లేకపోవడమే దాని సత్తువ.
పంపు దగ్గర గొట్టం ఊడదీసి వేలు పెట్టాను,
లేగదూడలా లాక్కుంది.
గొట్టాన్ని మళ్లీ తగిలించి
డబ్బా వైపు కొస ఊడదీసి వేలు పెట్టాను.
పలకలేదు.

రెండింటి మధ్య మూరెడు రబ్బరు గొట్టం.
పైకి చీలిక లేదు, బుస లేదు,
పెళ్లికి నూనె రాసుకొచ్చినట్టు నిగనిగలాడుతోంది.
బ్లేడుతో నిలువునా కోశాను.
లోపలి పొర ఊడి వేలాడుతోంది.
చల్లగా ఉన్నంతసేపూ గోడకి అంటుకుని ఊరుకుంటుంది.
కాగితే చాలు, మెత్తబడి,
పీల్చినకొద్దీ నాలుక మడిచి
తన గొంతు తనే మూసుకుంటుంది.

కొత్త గొట్టం నూట ఎనభై.
రెండు క్లిప్పులు.

కూర్మారావు తొక్కాడు. దిగింది.
మళ్లీ తొక్కాడు. మళ్లీ దిగింది.
పెడలు వైపు కాదు, మోకాలి వైపు చూస్తున్నాడు.

"మూడు సూదులు పొడిపించుకున్నాను గుంటా.
అరిగిపోనాదన్నాడు డాక్టరు.
తాళాలు సోంబరకి ఇచ్చేస్తానని
ఓనరుకి మొన్ననే మాటిచ్చేసినాను."

నేను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను.
కాలు అరగలేదని చెప్పడానికి నేనెవర్ని?
అరిగే ఉంటుంది,
ఇరవయ్యేళ్లు ఆ దారి దిగిన కాలు.
కానీ గొట్టం చేసిన నేరం కూడా
అదే మోసింది ఇన్నాళ్లూ.

కోసిన ముక్కని కాగితంలో చుట్టమన్నాడు.
ఎందుకన్నాను.
"డాక్టరుకి సూపిత్తాను."

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు,
ఒంటి చెప్పు మా గుమ్మంలో పెట్టాడు,
ఎవరైనా అడిగితే ఇమ్మని.

గేటు తెరిచే ఉంది. రైలు లేదు, ఎదురు బండి లేదు.
వెనక ఎర్రదీపం వెలిగింది.
కొంచెం ముందుకెళ్లి
మళ్లీ వెలిగింది.